అందరికీ ఒకటే తప్పు

నా నెత్తిమీద వెంట్రుకలు ఎట్ల పోయినాయని కొత్తగా ఉద్యోగంలో చేరిన అయివార్లు అడుగుతుంటారు. వయసు అని చెప్తే నమ్మేస్తారు, పాపం. నిజం ఏమంటే, ధర్మవరంలో అయిదో తరగతి పిల్లకాయలు మొట్టి మొట్టి ఊడగొట్టినారు. నవ్వుతారా, నవ్వండి. నవ్వించడమే నా వృత్తి అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, జీతం మాత్రం లెక్కలు చెప్పినందుకు ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నవ్వించాలన్నా ఆయాసం వస్తాది. కాబట్టి ఈ ఒక్కటి చెప్పేసి గోడకు ఆనుకుంటాను.

నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాను. పెనుకొండలో ఎనిమిదో తరగతి అయినాక చదువు నన్ను వదిలిపెట్టింది. నేనే దాన్ని వదిలిపెట్టినానని గౌరవానికి చెప్పుకుంటాను గానీ, నాయన మంచాన పడితే ఎవరు ఎవరిని వదిలినారో అడిగేదానికి తీరిక యాడిది? హిందూపురం బెల్లం మండీలో మూటలు మోసినాను. ఆడ కన్నడం, తెలుగు కలగలిపి అరిచే దళారులు కాగితం ముట్టకుండా నోటితోనే లెక్క తేల్చేవాళ్ళు. వాళ్ళ పక్కన నిలబడి నోటిలెక్క నేర్చుకున్నాను. తర్వాత జిల్లా బోర్డు బళ్ళకు అయివార్లు చాలడం లేదని తెలిసి, చిన్న ట్రైనింగు ఒకటి పూర్తి చేసి, ధర్మవరంలో ఆక్టింగు పంతులుగా చేరినాను. ఆక్టింగు అంటే నాటకంలో వేషం మాదిరే. ఎప్పుడు దిగిపొమ్మంటే అప్పుడు దిగిపోవాల.

లెక్కలు ఎవరు చెప్తారని హెడ్మాస్టరు అడిగినరోజు మిగిలిన అయివార్లంతా కిటికీలోంచి బయటికి చూసినారు. నేను కొత్తవాణ్ణి, యాడ చూడాలో తెలియక ఆయన ముఖం చూసినాను. అట్ల లెక్కల అయివారినైనాను.

బడి ఒక పొడుగాటి సావడి. నడుమ వెదురు తడిక. తడికకు ఈపక్క నా అయిదో తరగతి, ఆపక్క మూడో తరగతి. మూడో తరగతి చెప్పేది ఒక సాయిబు అయివారు. నాకంటే పెద్దవాడు, మాట తక్కువ, మాట్లాడితే మాత్రం చురుక్కుమనేది. తడిక చూపును ఆపేది గానీ మాటను ఆపేది కాదు. నేను అడిగిన లెక్కకు ఆపక్కనుంచి జవాబు వచ్చేది, ఆయన పాఠానికి మా వాళ్ళు దగ్గేవాళ్ళు.

అప్పట్లో అన్ని బళ్ళలో ఒక ఆచారం ఉండేది. అయివారు లెక్క అడుగుతాడు. చెప్పలేనివాళ్ళు నిలబడిపోతారు. చెప్పినవాడు వరసగా పోయి నిలబడినవాళ్ళందరి నెత్తిన మొట్టికాయ వేస్తాడు. పెనుకొండలో నేనూ తిన్నాను, వేసినాను. దాంట్లో అయివారికి రెండు లాభాలు. ఆయన చెయ్యి నొయ్యదు, ఆయన మీద కోపమూ రాదు. పిల్లకాయలు ఒకరినొకరు చూసుకుంటారు.

ధర్మవరంలో నా క్లాసు మొదట్నుంచీ భలే నడిచింది. నేను అడిగేది, జవాబు టక్కున వచ్చేది, టకటకా మొట్టికాయలు పడేవి. జవాబు చెప్పేది ఎప్పుడూ ఒక పిల్లోడే, సావుకారి కొడుకు. సావుకారి అంటే మగ్గాలవాళ్ళకు పట్టు ఇచ్చి, నేసిన చీరెలు తిరిగి తీసుకునే ఆసామి. నా క్లాసులో సగానికి పైగా పిల్లల తండ్రులు ఆయన పట్టే నేసేవాళ్ళు. ఆ పిల్లోడు మంచివాడు. తలకు నూనె పెట్టుకుని, బొట్టు పెట్టుకుని, బుద్ధిగా ముందు వరసలో కూచునేవాడు. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "అయివారూ, ఈపొద్దు వేలు నొస్తాంది, రేపు మొట్టేదా?" అని అడిగినాడు. అంతమందిని మొట్టి మొట్టి వాని వేలి కణుపు వాచింది. నేను నవ్వినాను. వాడు నవ్వలేదు.

మధ్యాన్నం సద్ది తినేటప్పుడు సాయిబు అయివారు అన్నాడు. "ఏమప్పా, నీ క్లాసులో ఒగ గొంతే ఇనపడ్తాది. మిగిలినోళ్ళు బతికే ఉండారా?"

"మొట్టికాయలు ఇనపడలేదా?" అన్నాను.

"ఇనపడ్తాండాయి. ఆడ తలకాయలు ఉండాయనేదానికి సాక్ష్యం అదొకటే."

నేను దాన్ని నా మాదిరి జోకు అనుకున్నాను. ఆయన జోకులు వెయ్యడని నాకు అప్పటికి తెలియదు.

ఇన్‌స్పెక్టరు దొర వచ్చినరోజు ఆ సాక్ష్యం చాలలేదు. పెద్ద తలపాగా, చేతికర్ర, కాలు కుదరని మా కుర్చీలో ఆయన కూచున్న తీరు ఇప్పటికీ కండ్లముందే ఉంది. ఊరికి తగిన లెక్క అడిగినాడు. "ఒక చీరె ఎనిమిది గజాలు. పదమూడు చీరెలు ఎన్ని గజాలు?"

సావుకారి కొడుకు లేచినాడు. భయానికో ఏమో, మూడెనిమిదులు ఇరవై నాలుగులో రెండును దాటించడం మరిచిపోయినాడు. "ఎనభై నాలుగు సార్" అన్నాడు.

దొర పక్క పిల్లోని వైపు కర్ర చూపించినాడు. "నువ్వు?"

"ఎనభై నాలుగు సార్."

"నువ్వు?"

"ఎనభై నాలుగు."

వరస చివరిదాకా పోయినాడు. అందరూ ఎనభై నాలుగే. పాలు తాగేటప్పటినుంచీ మగ్గం చప్పుడు విన్న పిల్లలు, పది చీరెలకే ఎనభై గజాలని నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలు, ఒక్కరు కూడా తడుముకోలేదు. దొర నా వైపు తిరిగి, "ఏమయ్యా, మీ ఊరి చీరెలు ఉతికితే ఇంత కురచైపోతాయా?" అన్నాడు. నేను జీవితంలో అంత మంచి జోకుకు నవ్వలేకపోయింది అదొక్కసారే.

పోయేముందు చెప్పినాడు. "పిల్లలకు తలా ఒక తప్పు వస్తే అది పిల్లల తప్పు. అందరికీ ఒకటే తప్పు వస్తే అది నేర్పినవాని తప్పు. మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇట్లే ఉంటే నువ్వు వేరే పని చూసుకోవచ్చు."

వేరే పని అంటే హిందూపురం మండీ. నా వీపుకు ఆ మూటలు ఇంకా జ్ఞాపకమే. అప్పటికి నాయన పోయినాడు, అమ్మ నా దగ్గరే ఉండేది. మా పొయ్యి మీదికి గింజలు వచ్చేది ఆ ఆక్టింగు వేషంతోనే.

హెడ్మాస్టరు నశ్యం పీల్చి, "ఎక్కాలు గట్టిగా పాడించు. దొరలకు గట్టిగా వినపడితే చాలు" అని సలహా ఇచ్చినాడు. మంచి మనిషి. ముప్ఫై ఏండ్లు అట్లనే నెట్టుకొచ్చినాడు.

సాయిబు అయివారు వేరే మాట చెప్పినాడు. మా క్లాసులో మూడో వరసలో ఒక బక్క పిల్లోడు ఉండేవాడు. వేళ్ళకు ఎప్పుడూ రంగు అంటుకుని ఉండేది. "వాడు మూడో తరగతిలో నా దగ్గర ఉన్నెప్పుడు వాని నోరు మూయించలేక సచ్చినాను. లెక్క నా నోట్లో ఉండంగనే జవాబు వాని నోట్లోనుంచి వచ్చేది. ఇప్పుడు రెండేండ్లకే నీ దగ్గర మూగోడైనాడు. బడిలో అడిగితే చెప్పరు. ఇంటికి పో."

ఆదివారం పొద్దున పోయినాను. తండ్రి గుంత మగ్గంలో కాళ్ళు దించి నేస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పోగుల నడుమ అటూ ఇటూ ఉరికే నాడె ఆపకుండానే మాట్లాడినాడు.

"రాండి అయివారూ. ఆ పీట మీద కూచోండి. మావాడు ఏమన్నా చేసినాడా?"

"ఏమీ చెయ్యకపోవడమే వచ్చిన చిక్కు. మీ వానికి లెక్కలు రావా?"

"ఎందుకు రావు? ఈ చీరె అంచుకు పోగులెన్నో వాన్నే అడుగుతా నేను."

"మరి బడిలో నోరు తెరవడే?"

నాడె ఆగింది. "నేనే తెరవద్దని చెప్పినా."

"యాలప్పా?"

"తెరిస్తే మొట్టల్ల గదా." ఆయన గొంతు తగ్గించినాడు. "పోయినేడు ఒగ తూరి వీడు జవాబు చెప్పి సావుకారి కొడుకును మొట్టినాడు. పిల్లోని నెత్తిన బొప్పి కట్టింది. సావుకారి ఒగ మాట అనలేదు అయివారూ. ఒగ్గ మాట అనలేదు. పట్టు మాత్రం ఆలస్యంగా వచ్చె. పక్షం రోజులు ఈ మగ్గం మీద బల్లి తిరిగె. ఈదిలో అందరికీ తెలిసిపాయ. ఆ పొద్దునుంచి ఎవురి పిల్లోనికి వాళ్ళు చెప్పుకున్నారు, ఆ అబ్బోడు ఏమంటే అదే అనండ్రా అని."

"తప్పు చెప్పినా?"

"తప్పు చెప్తే మొట్టికాయ పడ్తాది. ఒప్పు చెప్తే పట్టు ఆగిపోతాది. మీరైతే ఏది తింటారు?"

నేను పీట మీదనుంచి లేచి నిలబడినాను. ఆ నెలలో జవాబు చెప్పలేనివాళ్ళలో నేనొకణ్ణి.

తిన్నగా సావుకారి దగ్గరకు పోయినాను. ఆయన విషయం విని తొడ చరిచి నవ్వినాడు. "మొట్టికాయకు పట్టు ఆపేదా? నేను తిన్న మొట్టికాయలు నా కొడుకు ఏడు జన్మల్లో తినడు. పోయినేడు ఆ పక్షం బెంగళూరునుంచి సరుకే రాలేదప్పా. నా ఇంటి మగ్గమే ఖాళీగా పడుండె." కొడుకు బొప్పి సంగతి ఆయనకు తెలియనే తెలియదు. వాడు ఇంట్లో చెప్పుకోలేదు.

నేను ఉరుకుతా వచ్చి మగ్గంమీది ఆయనకు ఇదంతా చెప్పినాను. ఆయన అంతా విని, "ఆయప్ప అట్లనే అంటాడులే" అని నాడె అందుకున్నాడు. చూడండి, లెక్కలో తప్పు దిద్దొచ్చు. భయంలో తప్పు దిద్దేదానికి ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు నాకు.

మరుసటి రోజునుంచి నా క్లాసులో మొట్టికాయలు మాన్పించినాను. ఏమీ మారలేదు. సావుకారి కొడుకు చెప్పేది, అందరూ తల ఊపేది. తలమీద వేలు లేకపోయినా తల లేవలేదు.

అప్పుడు నాకు మిగిలింది నా కోతి బుద్ధి ఒకటే. క్లాసులో నిలబడి చెప్పినాను. "మొట్టికాయ మళ్ళీ వచ్చిందిరా. అయితే మీకు కాదు, నాకు. బోర్డు మీద నేను తప్పు రాస్తా. పట్టుకున్నోడు వచ్చి నన్ను మొట్టాల." వాళ్ళు నన్ను చూసిన చూపు చెప్పలేను. అయివారికి మతి చెడిందని ఖాయం చేసుకున్నారు.

ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసినాను. అందరూ పలకల మీద యాభై నాలుగు అని దించుకున్నారు. సావుకారి కొడుకు కూడా ఒక నిమిషం బలపం కొరికి, దించుకున్నాడు. వానికీ పైన ఒక సావుకారి ఉన్నాడు గదా, నేను. ఇరవై అని రాసినా దించుకునేవాళ్ళే. ఆరోజు అంత అలసిపోయినాను, చెప్పేదానికి లేదు. మూట మోసినప్పుడు బరువు కనపడ్తాది. ఇది కనపడని బరువు.

అప్పుడే తడిక ఆపక్కనుంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. "తప్పు! యాభై ఆరు!"

"ఎవురది? రా ఇట్ల!" అన్నాను. మూడో తరగతి పిల్ల, పరికిణీ ఎత్తిపట్టుకుని తడిక చుట్టూ తిరిగి వచ్చింది, ఏడుపు ముఖంతో. నేను గొంతుక్కూచుని తల వంచినాను. ఆ పిల్ల వాళ్ళ అయివారి వైపు చూసింది. సాయిబు అయివారు తడిక పక్కనుంచి తల పెట్టి, "మొట్టమ్మా, అడుగుతాండాడు గదా" అన్నాడు. మొట్టింది. వాళ్ళింట్లో మిరపకాయలు దంచేది ఆ పిల్లేనేమో, నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. క్లాసంతా పగలబడి నవ్వింది. నా క్లాసులో ఒకటికంటే ఎక్కువ గొంతులు నాకు వినపడింది అదే మొదలు.

పిల్లదానికి ఉన్న ధైర్యం తమకు లేకపాయెనని మా వాళ్ళకు రోషం వచ్చింది. మెల్లగా ఒకడు, తర్వాత ఇంకొకడు. కొన్నాళ్ళకు నేను సుద్దముక్క ఎత్తితే చాలు, వెనక వేళ్ళు విరుచుకునే చప్పుడు. ఇంట్లో అమ్మ నూనె రాస్తా, "బడికి పోతాండావా, కుస్తీకి పోతాండావా?" అనేది.

హెడ్మాస్టరుకు తెలిసి నశ్యం డబ్బీ జార్చుకున్నాడు. "అయివారిని పిల్లకాయలు మొట్టేదా? ఊళ్ళో తెలిస్తే మనకు చెంబు నీళ్ళిస్తారా? సరేలే, దొర వచ్చినరోజు మాత్రం నీ తల నీ దగ్గరే పెట్టుకో."

పెట్టుకుంటానని మాటిచ్చినాను. అయినా నాకు తెలుసు, అసలు ముడి విడిపోలేదని. నా తప్పులు పట్టేవాళ్ళు గానీ, సావుకారి కొడుకు తప్పు చెప్పినప్పుడు మాత్రం మళ్ళీ సావడంతా నిశ్శబ్దమే. అయివారు ఊరు మారిపోతాడు, సావుకారి మారడు. ఆ మాత్రం లెక్క వాళ్ళకు వచ్చు.

దొర మళ్ళీ వచ్చినాడు. అదే తలపాగా, అదే కుంటి కుర్చీ. ఎక్కాల పాట ఒక నిమిషం విని చెయ్యెత్తి ఆపించినాడు. ఆయనా మరవలేదు. "ఒక చీరె ఎనిమిది గజాలు. పదిహేడు చీరెలు?"

అలవాటు ప్రకారం సావుకారి కొడుకు లేచినాడు. "నూట ఇరవై ఆరు సార్."

తప్పు. దొర ముఖంలో ఏమీ కదల్లేదు. కర్ర మూడో వరసకు పోయి, సరిగ్గా మా రంగువేళ్ళ పిల్లోని దగ్గర ఆగింది. "నువ్వు చెప్పు."

వాడు లేచినాడు. నన్ను చూసినాడు. నేను గోడను చూసినాను. ఏమని సైగ చెయ్యాల? ఒప్పు చెప్పరా అంటే వాళ్ళింటి మగ్గాన్ని నా ఉద్యోగం కోసం పణం పెట్టినట్లు. నూట ఇరవై ఆరు అనరా అంటే నేను మండీకి పోవాల. నన్ను హిందూపురం మూటలూ వాణ్ణి వాళ్ళ నాయన మగ్గమూ చెరో పక్క లాగుతున్నాయి.

"కాదు" అన్నాడు వాడు. అంతే. అంకె చెప్పలేదు.

సావుకారి కొడుకు గిరుక్కున వెనక్కి తిరిగినాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. వాడు కోపంగా లేడు. తోడు మనిషి దొరికినట్లు ఉన్నాడు.

"అట్లయితే ఎంతరా?"

"నూట ముప్ఫై ఆరు."

"ఎట్లరా?"

"ఏడెనిమిదులు యాభై ఆరు. నీకు చేతిలో అయిదుండాది గదా, నాలుగే కలిపినావు."

సావుకారి కొడుకు వేళ్ళమీద చూసుకున్నాడు. ఇంతలో వెనకనుంచి ఒకడు నూట నలభై అన్నాడు, ఇంకొకడు వానిమీద పడి కాదన్నాడు, ఎవరి తప్పు వాళ్ళు, ఎవరి ఒప్పు వాళ్ళు. సావడి సంత అయింది. దొర కర్రతో కుర్చీ కొట్టినా ఎవరికీ వినపడలేదు. అంతలో సావుకారి కొడుకు లెక్క తేల్చుకుని, అవును అని తల ఊపి, ఆ తల అట్లనే వంచినాడు. నేను రోజూ వంచడం చూసినాడు గదా.

బక్క పిల్లోని చెయ్యి లేవలేదు.

"మొట్టరా" అన్నాడు సావుకారి కొడుకు. "భయం యాలరా? అయివారినైతే రోజూ మొట్టుతావే!"

సావడి చల్లబడింది. దొర నన్ను చూసి, పిల్లల్ని చూసి అడిగినాడు. "ఏమి? అయివారిని మొట్టుతారా?"

క్లాసంతా ఒక్క గొంతుతో, ఎక్కాలకంటే గట్టిగా, "మొట్టుతాము సార్!" అనింది.

అందరూ ఒకటే జవాబు చెప్పి, అది ఒప్పూ అయింది ఆరోజే. హెడ్మాస్టరు కండ్లు మూసుకున్నాడు. తడిక ఆపక్క సాయిబు అయివారు దగ్గినట్లు నవ్వినాడో, నవ్వినట్లు దగ్గినాడో తెలియదు. ఆ గందరగోళంలో ఎవరూ చూడలేదనుకుని బక్క పిల్లోడు రంగు వేలితో సావుకారి కొడుకు నెత్తిని తాకినాడు. మొట్టికాయ కాదది. మగ్గం మీద పోగు తెగిందేమోనని తాకి చూస్తారే, అట్ల.

దొర బయటికొచ్చి నన్ను పక్కకు పిలిచినాడు. "జవాబు వచ్చింది. మర్యాద పోయింది. నీ ఉద్యోగం ఉంటుంది. ధర్మవరంలో ఉండదు." అట్ల నన్ను ఓబులదేవరచెరువుకు వేసినారు. ఆడికి పోయేందుకు కదిరిదాకా రైలు, ఆపైన బండి. మూటలు నేనే మోసుకున్నాను, పాత విద్య.

టేషన్‌కు సాయిబు అయివారు వచ్చినాడు. నేత పిల్లోని తండ్రి కూడా వచ్చినాడు, భుజమ్మీద తువ్వాలు, ఎప్పటి మాదిరే గొంతు తగ్గించి.

"పట్టు ఈ తూరి టయానికే వచ్చె అయివారూ."

"చూసినావా? నేను చెప్పలేదా?"

"వచ్చే తూరి కూడా చూడల్ల" అన్నాడు.

అంతేనబ్బా. ఒక్క "కాదు"తో వీధి మారిపోయిందని చెప్పలేను. ఆయన ఆ వచ్చే తూరి కోసం జీవితమంతా చూస్తానే ఉన్నాడేమో. తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చి పట్టు నిజంగానే దొరకని రోజుల్లో ఎవరి పిల్లోని మొట్టికాయను తప్పు పట్టినారో నాకు తెలియదు. నేను ఊరూరూ తిరిగినాను. పోయినచోటల్లా బోర్డు మీద తప్పులు రాసినాను, తల వంచినాను. కొన్ని ఊళ్ళలో మొట్టినారు, కొన్ని ఊళ్ళలో ఎంత వంచినా ఒక్కడూ లేవలేదు. అయివారు అడగడం సులభం. పిల్లోడు కాదనేదానికి వెనక ఎన్ని మగ్గాలు ఆగి చూస్తుంటాయో అయివారికి కనపడదు.

ఆఖరి ఏండ్లు హిందూపురంలో పనిచేసినాను. ఒకరోజు బోర్డు మీద లెక్క చేస్తుంటే ముందు వరసలో ఒక పిల్ల "తప్పు సార్" అనింది. ఈ తప్పు ఎప్పుడు రాసినానబ్బా అని తిరిగి చూసినాను. కండ్లద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూసినాను. నేను కావాలని రాసింది కాదది. నిజంగానే తప్పు.

వంగినాను. ఆ పిల్ల మొట్టింది. తిరిగి లేవబోతే మోకాళ్ళు రాలేదు. మొట్టిన చెయ్యే పట్టుకుని లేపింది.